టమాటా ఆకుముడత: వైరస్ వెంట నడిచే శాటిలైట్లు

ఒక రోగానికి ఫలానా సూక్ష్మజీవే కారణమని తేల్చడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. రోగం సోకిన జీవి నుంచి ఆ సూక్ష్మజీవిని వేరుచేయాలి, ఆరోగ్యంగా ఉన్న జీవిలోకి ఎక్కించాలి, అదే రోగం మళ్లీ కనిపించాలి. 1990లలో ఆకుముడత, ఈనెల పసుపు తెగుళ్ల మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు ఈ పద్ధతి అడ్డం తిరిగింది. తెగులు మొక్కలో వైరస్ దొరికింది. దాని డీఎన్ఏను నకలు తీసి మంచి మొక్కలోకి ఎక్కించారు. వైరస్ మొక్కలో చేరినా తెగులు మాత్రం పొలంలో కనిపించినట్టు రాలేదు. అజెరాటం అనే కలుపు మొక్కలో ఇదే అనుభవం, పత్తిలోనూ ఇదే. తెగులు మొక్క మీది తెల్లదోమలను పట్టి మంచి మొక్క మీద వదిలితే మాత్రం కొద్ది వారాల్లోనే లక్షణాలన్నీ బయటపడేవి. దోమ మోసుకెళ్తున్న సరుకులో, నకలులోకి రానిది ఇంకేదో ఉందన్నమాట.

అది 2000లో అజెరాటంలో, మరుసటి ఏడాది పత్తిలో దొరికింది. సుమారు 1,350 న్యూక్లియోటైడ్ల (అంటే డీఎన్ఏ అక్షరాల) పొడవున్న చిన్న వలయాకార డీఎన్ఏ. వైరస్‌తో కలిపి దాన్ని ఎక్కించగానే అసలు తెగులు వచ్చింది. ఇప్పుడు దాన్ని బీటాశాటిలైట్ అంటున్నారు. టమాటా వంతు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చైనాలో టమాటా ఆకులను పసుపుబారేలా చేసి ముడిచే వైరస్ ఒకటుంది. దాన్ని ఒంటరిగా ఎక్కిస్తే మొక్క దాదాపు ఏమీ జరగనట్టే పెరుగుతుంది. బీటాశాటిలైట్‌ను జత చేస్తే ఆకులు ముడుచుకుంటాయి, ఈనెలు ఉబ్బుతాయి, మొక్క గిడసబారుతుంది.

ఈ ఫలితానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనిపిస్తుంది. తెగులుకు పెట్టే పేరు వైరస్‌దే అయినా, దాని తీవ్రతను చాలాచోట్ల నిర్ణయించేది తనంతట తాను బతకలేని ఈ చిన్న ముక్క. విత్తన రకాన్ని ఎంచుకోవడం, పరీక్ష చేయించడం, తెగులు ఎంత నష్టం చేస్తుందో అంచనా వేయడం ఇవన్నీ వైరస్ పేరు ఒక్కదాని మీదే నడిస్తే సగం లెక్క తప్పుతుంది.

శాటిలైట్ అనే మాట వైరస్‌ల శాస్త్రంలోకి 1962లో వచ్చింది. పొగాకు నెక్రోసిస్ వైరస్ ఉన్నచోట మాత్రమే పెరిగే మరింత చిన్న వైరస్‌ను గమనించిన శాస్త్రవేత్త కసానిస్ దాన్ని శాటిలైట్ వైరస్ అన్నారు. గ్రహం లేనిదే ఉపగ్రహం తిరగలేనట్టు, సహాయక వైరస్ లేనిదే శాటిలైట్ పెరగలేదు. అలాగని అది సహాయక వైరస్ నుంచి విరిగిపడిన తునక కూడా కాదు. రెండింటి అక్షరక్రమాలను పక్కపక్కన పెడితే పోలిక దాదాపు శూన్యం. బీటాశాటిలైట్‌కూ దాని సహాయక వైరస్‌కూ మధ్య ఉమ్మడిగా ఉండేది, నకలు మొదలయ్యే చోట ఉండే తొమ్మిది అక్షరాల చిన్న వరుస మాత్రమే. ఎక్కడివాడో తెలియని అద్దెదారు ఇంటి యజమాని స్వభావాన్నే మార్చేసినట్టుంటుంది వ్యవహారం.

ఆ యజమాని సంగతి చూద్దాం. టమాటా ఆకుముడతకు కారణమయ్యే వైరస్‌లు బెగొమోవైరస్ అనే ప్రజాతిలోవి. జెమినివైరస్ కుటుంబం వీటిది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఒకదానికొకటి అతుక్కున్న కవలల్లా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. జంట మొత్తం పొడవు 40 నానోమీటర్లు మించదు. లోపల ఉండేది ఒంటిపోగు వలయాకార డీఎన్ఏ, సుమారు 2,700 న్యూక్లియోటైడ్లు. కొన్నింటికి ఇలాంటి వలయం ఒక్కటే ఉంటుంది. 1930ల చివర జోర్డాన్ లోయలో తొలిసారి గమనించిన పసుపు ఆకుముడత వైరస్ అలాంటిది. మరికొన్నింటికి డీఎన్ఏ-ఏ, డీఎన్ఏ-బి అని రెండు వలయాలుంటాయి. న్యూఢిల్లీ పేరుతో పిలిచే టమాటా ఆకుముడత వైరస్ ఈ రెండో తరహాది. ఒకప్పుడు ఆసియాకే పరిమితమై ఉండి, 2012లో స్పెయిన్‌లో గుమ్మడి జాతి తోటల్లో తేలింది.

ఇంత చిన్న డీఎన్ఏలో సొంతంగా నకలు తీసుకునే యంత్రాంగం పట్టదు. అందుకే వైరస్ మొక్క కణం కేంద్రకంలోకి చేరి, కణ విభజన ఎప్పుడో ఆపేసిన పెద్ద కణాన్ని మళ్లీ డీఎన్ఏ తయారీకి పురికొల్పి, ఆ సాధనాలతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. ఎక్కువగా ఇది మొక్కలో ఆహారం ప్రవహించే పోషక కణజాలానికే పరిమితమవుతుంది. ఆకును చేత్తో నలిపి మరో మొక్కకు రుద్దితే చాలా బెగొమోవైరస్‌లు అంటుకోకపోవడానికి కారణం ఇదే. ఆ లోతుకు చేర్చే సూది ఒకటి కావాలి, అది తెల్లదోమ దగ్గర ఉంది.

తెల్లదోమ పేరులో దోమ ఉన్నా అది దోమ కాదు. రసం పీల్చే పురుగు, పేనుబంకకు దగ్గరి చుట్టం. బెమీసియా టబాకి అనే ఒకే పేరుతో పిలుస్తున్నా, చూపుకు తేడా తెలియని ఎన్నో జాతుల సముదాయం అది. ఆకు అడుగున చేరి పోషక కణజాలం దాకా తొండం దించి రసం పీలుస్తుంది. తెగులు మొక్క మీద పది పదిహేను నిమిషాలు పీల్చినా వైరస్ దానిలోకి చేరగలదు. అయితే వెంటనే మరో మొక్కకు అంటించలేదు. వైరస్ పేగు గోడ దాటి, పురుగు ఒంట్లోని ద్రవంలో ప్రయాణించి, లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. ఆ తర్వాత ఆ పురుగు వారాల తరబడి, తరచుగా చనిపోయేదాకా, అంటిస్తూనే ఉంటుంది. పురుగు ఒంట్లోని దారిలో వైరస్‌కు సాయపడేది కూడా ఒకటుంది: తెల్లదోమలో కాపురముండే బ్యాక్టీరియా తయారుచేసే ఒక ప్రోటీన్. అది వైరస్‌ను అంటిపెట్టుకుని, నాశనం కాకుండా కాపాడుతుంది.

ఏ పురుగు ఏ వైరస్‌ను మోస్తుందన్నది వైరస్ తొడుక్కున్న ప్రోటీన్ తొడుగు మీద ఆధారపడుతుంది. దీన్ని 1990లో చాలా చక్కటి ప్రయోగంతో రుజువు చేశారు. తెల్లదోమ మోసే కర్రపెండలం మొజాయిక్ వైరస్ నుంచి తొడుగు జన్యువును తీసేసి, పచ్చదోమ జాతి పురుగు మోసే బీట్ వైరస్ జన్యువును ఆ స్థానంలో పెట్టారు. కొత్త తొడుగు తొడుక్కున్న వైరస్‌ను పచ్చదోమ జాతి పురుగు అంటించగలిగింది. శాటిలైట్‌కు సొంత తొడుగు లేదు, సహాయక వైరస్ తొడుగులోనే దూరి ప్రయాణిస్తుంది. దాని పొడవు వైరస్ డీఎన్ఏ పొడవులో సరిగ్గా సగం దగ్గర నిలిచిపోవడానికి ఆ తొడుగు కొలతే కారణమై ఉంటుందన్నది నమ్మదగిన ఊహ. ఒకే వైరస్‌తో కట్టుబడి ఉండాలన్న నియమమూ దానికి లేదు. ఒక పంటలో ఒక వైరస్‌తో కనిపించిన బీటాశాటిలైట్ మరో పంటలో మరో వైరస్‌తో జతకట్టగలదు. పత్తి తెగులులో దొరికిన బీటాశాటిలైట్ ప్రయోగశాలలో టమాటా వైరస్ డీఎన్ఏ-బి లేని లోటును తీర్చి, డీఎన్ఏ-ఏ ఒక్కటే మొక్కంతా పాకేలా చేసింది.

శాటిలైట్లన్నీ ఒకే స్వభావం గలవి కావు. అసలు మొట్టమొదటి డీఎన్ఏ శాటిలైట్ దొరికింది టమాటాలోనే, 1997లో, ఆస్ట్రేలియా ఆకుముడత వైరస్‌తో పాటు. 682 న్యూక్లియోటైడ్ల ఆ ముక్క ఏ ప్రోటీన్‌నూ తయారుచేయదు, తెగులు లక్షణాలనూ మార్చదు. అప్పట్లో దాన్ని ఒక వింతగా చూసి వదిలేశారు. బీటాశాటిలైట్లు దొరికాకే దాని ప్రాముఖ్యం తెలిసింది, ఇలాంటి వాటిని ఇప్పుడు డెల్టాశాటిలైట్లు అంటున్నారు. ఆల్ఫాశాటిలైట్లు ఇంకో రకం. సుమారు 1,380 న్యూక్లియోటైడ్లుండే ఇవి నకలు మొదలుపెట్టే ప్రోటీన్‌ను సొంతంగా తయారుచేసుకుంటాయి కాబట్టి నకలుకు వైరస్ అక్కర్లేదు. మొక్కలో పాకడానికి, పురుగెక్కి వెళ్లడానికి మాత్రం కావాలి. కొన్ని ఆల్ఫాశాటిలైట్లు బీటాశాటిలైట్ మోతాదును తగ్గించి తెగులును మెత్తబరుస్తాయి కూడా. అంటే ఒకే మొక్కలో ఒకటి ఎగదోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతూ ఉండవచ్చు.

బీటాశాటిలైట్ చేసే పనంతా ప్రధానంగా ఒకే ఒక్క ప్రోటీన్ చేతిలో ఉంది. దాని పేరు బీటా-సి1, పొడవు 120 అమైనో ఆమ్లాలకు కాస్త అటూఇటూ. ఆ చిన్న ప్రోటీన్ మొక్కలో ఎన్ని తలుపులు తడుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

వైరస్ సోకితే మొక్క ఊరుకోదు. వైరస్ ఆర్ఎన్ఏను 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా నరికి, ఆ ముక్కలనే ఆనవాళ్లుగా వాడి మిగతా వైరస్ ఆర్ఎన్ఏను వెతికి నాశనం చేస్తుంది. డీఎన్ఏ వైరస్‌లైతే మరో అడుగు వేసి, వాటి డీఎన్ఏకే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు తగిలించి జన్యువులను మూగబోయేలా చేస్తుంది. బీటా-సి1 ఈ రక్షణను దెబ్బతీస్తుంది. మిథైల్ గుర్తులకు కావాల్సిన ముడిసరుకు తయారయ్యే చక్రంలోని ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ సరుకు అందక మొక్క తన గుర్తులను వేయలేకపోతుంది.

ఇక ఆకు ఎందుకు ముడుచుకుంటుంది? ఆకుకు పైముఖం, అడుగుముఖం వేర్వేరు. ఏది ఎటు అన్నది మొగ్గ దశలోనే కొన్ని ప్రోటీన్లు కూడబలుక్కుని తేలుస్తాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చేసిన పరిశీలనలో, ఆ కూటమిలోని ఒక ప్రోటీన్ స్థానంలోకి బీటా-సి1 దూరి, దాని జతగాడిని పట్టుకుంటుందని 2008లో తేలింది. పైముఖం, అడుగుముఖం లెక్క తప్పుతుంది, రెండు పక్కలు సమంగా పెరగవు, ఆకు చుట్టుకుపోతుంది. రైతు కళ్లకు ముడతగా కనిపించేది లోపల ఈ గందరగోళం.

ఆ జత కలయికే ఇంకో పని కూడా చేస్తుంది, అదే ఇందులో మరింత లోతైన విషయం. పురుగు కొరికినప్పుడు మొక్క జాస్మోనిక్ ఆమ్లం అనే సంకేతంతో మేల్కొని, పురుగులకు పడని పదార్థాలను, టెర్పీన్ల వంటి ఘాటు వాసనలను తయారుచేస్తుంది. బీటా-సి1 ఆ సంకేతాన్ని అణచివేస్తుంది. ఫలితంగా తెగులు మొక్క తెల్లదోమకు మరింత అనువైన చోటు అవుతుంది. గుడ్లు ఎక్కువ, బతికే పిల్లలు ఎక్కువ. దోమలు పెరిగితే వైరస్‌కు వాహనాలు పెరిగినట్టే, శాటిలైట్‌కూ పెరిగినట్టే. తెగులు లక్షణాన్ని మొక్కకు జరిగిన నష్టంగా మాత్రమే చూసే అలవాటు మనది. మొక్క, వైరస్, శాటిలైట్, పురుగు నలుగురినీ కలిపి చూసినప్పుడు, ఆ నష్టం మిగతా ముగ్గురికీ ఆదాయమని అర్థమవుతుంది.

ఈ బంధం ఈనాటిది కాదు. యూపటోరియం అనే మొక్క ఆకులు వేసవిలోనే పసుపెక్కాయని జపాన్ మహారాణి కోకెన్ 752లో ఒక కవితలో రాశారు. మొక్కల వైరస్ తెగులు గురించి ఇప్పటిదాకా దొరికిన తొలి రాత అదేనని చెబుతారు. అదే మొక్కలో అవే లక్షణాలకు కారణం బెగొమోవైరస్, బీటాశాటిలైట్ జంటేనని 2003లో తేల్చారు.

టమాటాలో శాటిలైట్ కథ తెల్లదోమతో ముగిసిపోదు. పేనుబంక మోసే దోస మొజాయిక్ వైరస్ అంతకు ముందే ఈ పాఠం నేర్పింది. 1972లో ఫ్రాన్స్‌లోని ఆల్సేస్ ప్రాంతంలో టమాటా మొక్కలు ఆకులు, కాండం మాడి నిలువునా చచ్చిపోయాయి. దోస మొజాయిక్ వైరస్ సోకితే సాధారణంగా ఆకులు తాళ్లలా సన్నబడతాయే తప్ప మొక్క చావదు. 1977లో కాపర్, వాటర్‌వర్త్ అనే శాస్త్రవేత్తలు కారణం చూపించారు: వైరస్‌తో పాటు ఉన్న శాటిలైట్ ఆర్ఎన్ఏ. 330 నుంచి 400 న్యూక్లియోటైడ్ల ఆ ముక్క ఏ ప్రోటీన్‌కూ సంకేతం ఇవ్వదు, అయినా చావు తెస్తుంది. 1980ల చివర ఇటలీ, స్పెయిన్‌లలోనూ ఇదే మాడు తెగులు టమాటాను తుడిచిపెట్టింది.

అదే వైరస్‌కు తోడుండే శాటిలైట్ ఆర్ఎన్ఏలలో చాలావాటి స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవి వైరస్ నకలు సాధనాలను పంచుకుని, వైరస్ మోతాదును తగ్గించి, తెగులును తేలికపరుస్తాయి. దాంతో వీటినే టీకాగా వాడవచ్చన్న ఆలోచన పుట్టింది. చైనాలో 1980లలో మిరప జాతి పంటలకు అలాంటి శాటిలైట్ ఉన్న మెతక వైరస్‌ను ముందుగానే ఎక్కించి చూశారు. 1987లో శాటిలైట్ ఆర్ఎన్ఏను పొగాకు మొక్క జన్యువుల్లోకే చొప్పించి తెగులును తగ్గించారు. తెలివైన ఆలోచనే, కానీ ప్రమాదకరమైనది కూడా. కాపాడే శాటిలైట్‌కూ చంపే శాటిలైట్‌కూ మధ్య తేడా కొద్ది అక్షరాలే. ఆర్ఎన్ఏ నకళ్లలో తప్పులు దొర్లడం రోజూ జరిగేదే. పైగా ఒక పంటకు మేలు చేసే శాటిలైట్ పక్కనున్న టమాటాను మాడ్చగలదు. పొలాల్లో విరివిగా వదలడానికి ఈ టీకా తగదనే చెప్పాలి.

ప్రోటీనే లేని ఆర్ఎన్ఏ ఇంత పని ఎలా చేస్తుంది? ఒక రకం శాటిలైట్ విషయంలో సమాధానం దొరికింది. అది పొగాకు ఆకులను మెరిసే పసుపుగా మారుస్తుంది. దాని అక్షరాల్లో 22 అక్షరాల వరుస ఒకటి, పత్రహరితం తయారీకి కావాల్సిన ఒక జన్యువు ఆర్ఎన్ఏకు అచ్చంగా సరిపోతుంది. శాటిలైట్‌ను నరకబోయిన మొక్క, ఆ ముక్కనే ఆనవాలుగా తీసుకుని తన సొంత జన్యువును నరుక్కుంటుంది. మొక్క ఆయుధం మొక్కకే తగులుతుందన్నమాట. 2011లో తేలిన ఈ సంగతికి 2021లో కొనసాగింపు వచ్చింది: ఆ పసుపు మొక్కల రసం పీల్చిన పేనుబంక ఎరుపెక్కి, రెక్కలు మొలిపించుకుని, మరో మొక్కకు ఎగిరిపోతుంది. మళ్లీ అదే నలుగురి లెక్క.

తామర పురుగులు మోసే మచ్చల వడలు తెగులు వైరస్‌లు కూడా టమాటాను తీవ్రంగా దెబ్బతీస్తాయి. వీటి వెంట శాటిలైట్లు కనిపించవు. పిల్ల పురుగుగా ఉన్నప్పుడు వైరస్‌ను తీసుకుంటేనే పెద్దయ్యాక అంటించగలవన్నది వాటి ప్రత్యేకత.

ఇదంతా తెగులును తట్టుకునే రకాల తయారీలో అసలు పరీక్షకు నిలుస్తుంది. సాగు టమాటాలో ఆకుముడతను తట్టుకునే శక్తి దాదాపు లేదు. ఉన్నదంతా అడవి చుట్టాల నుంచి తెచ్చుకున్నదే. సొలానమ్ చిలెన్స్ అనే అడవి టమాటా నుంచి వచ్చిన టీవై-1, టీవై-3, సొలానమ్ హాబ్రోకైటిస్ నుంచి వచ్చిన టీవై-2 అనే జన్యువులు ముఖ్యమైనవి. టీవై-1, టీవై-3 ఒకే జన్యువు రెండు రూపాలని తర్వాత తేలింది. ఆ జన్యువు వైరస్ డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులను పెంచి దాని జన్యువులను మూగబోయేలా చేస్తుంది. బీటా-సి1 అడ్డుకునేది సరిగ్గా ఈ మిథైల్ గుర్తుల వ్యవస్థనే అన్నది గుర్తుచేసుకుంటే, బీటాశాటిలైట్ తోడున్నప్పుడు టీవై-1 రక్షణ సడలిపోతుందని 2020లో వచ్చిన ఫలితం ఆశ్చర్యపరచదు. దోస మొజాయిక్ వైరస్ తోడుగా సోకినా టీవై-1 బలహీనపడుతుంది. శాటిలైట్ లేని వైరస్ మీద పరీక్షించి తట్టుకుంటుందని ముద్ర వేసిన రకం, శాటిలైట్లు విరివిగా ఉన్న ప్రాంతంలో అంతే బాగా తట్టుకుంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. కొత్త రకాన్ని ఆ ప్రాంతంలో తిరుగుతున్న వైరస్, శాటిలైట్ జంటలతోనే పరీక్షించాలి.

పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. వైరస్‌ను మాత్రమే పట్టే పీసీఆర్ పరీక్షకు శాటిలైట్ కనబడదు, రెండింటి అక్షరాలూ వేరు కాబట్టి. బీటాశాటిలైట్లన్నింటిలోనూ మారకుండా ఉండే భాగం ఒకటుంది, దాని ఆధారంగా చేసే పరీక్ష వేరేగా అందుబాటులో ఉంది. వలయాకార డీఎన్ఏ ఏదున్నా పెంచి చూపే పద్ధతి 2004 నుంచి వాడుకలోకి వచ్చింది. ముందే పేరు ఊహించుకోనక్కర లేకుండా మొక్కలో ఏముందో అదంతా చూపుతుంది కాబట్టి, తెగులు తీవ్రత అనుమానంగా ఉన్నప్పుడు దీనికే మొగ్గు చూపడం మంచిది.

పొలంలో నిలిచి గెలిచేది కాలం లెక్క. నాటిన తొలి వారాల్లో సోకితే దిగుబడి దాదాపు పూర్తిగా పోవచ్చు. పూత, పిందె దశ దాటాక సోకితే నష్టం చాలా తక్కువ. అందుకే నారుమడిని సన్నటి వలతో కప్పి, దోమ తాకని నారు నాటడం మిగతా పనులన్నింటికంటే విలువైనది. పురుగుమందు పాత్ర పరిమితం. తెల్లదోమ మందులకు త్వరగా అలవాటు పడుతుంది. పేనుబంక విషయంలో మందు మరీ నిష్ఫలం: దోస మొజాయిక్ వైరస్‌ను అది సెకన్లలో తీసుకుని సెకన్లలో అంటిస్తుంది, మందు పనిచేసి అది చచ్చేలోపే పని అయిపోతుంది. కొన్ని మందులు పురుగును కంగారుపెట్టి ఎక్కువ మొక్కల మీద తిరిగేలా కూడా చేస్తాయి.

శాటిలైట్ ఏదైనా, వైరస్ ఏదైనా, రెండింటికీ ఉమ్మడి బలహీనత ఒకటుంది: ఆకుపచ్చ మొక్క, దాని మీద దోమ, ఈ గొలుసు తెగకుండా ఉండాలి. 1990ల ఆరంభంలో డొమినికన్ రిపబ్లిక్‌లోకి పసుపు ఆకుముడత వైరస్ చేరి టమాటా సాగును కుదిపేసినప్పుడు అక్కడి ప్రభుత్వం ఈ గొలుసునే తెంచింది. ఏటా మూడు నెలల పాటు టమాటాతో సహా తెల్లదోమ ఆశించే పంటలు వేయకూడదని చట్టం చేసింది. దోమలను పట్టి పరీక్షిస్తే ఆ మూడు నెలల్లో వాటిలోని వైరస్ జాడ బాగా తగ్గిపోయింది, కొత్త పంట మొదలయ్యాక మళ్లీ నెమ్మదిగా పెరిగింది. ఆ నెమ్మదితనమే రైతుకు దొరికిన గడువు: లేత మొక్కలు ముదిరేదాకా, కాయ పట్టేదాకా.